తాళం జేబులో... కరెంటు కారులో!

ఊరికి బయల్దేరి వీధి మలుపు తిరిగామో లేదో, మనకో అనుమానం పట్టుకుంటుంది. గ్యాసు కట్టేశామా? ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీశామా? నీళ్ల మోటారు ఆపామా? ఆటో వెనక్కి తిప్పించి, ఒకసారి చూసొచ్చేదాకా మనసు మనసులో ఉండదు. గ్యాసైతే వాసనొస్తుంది. మోటారైతే ట్యాంకు పొర్లి పక్కింటి గోడ తడుస్తుంది, వాళ్లే కేకేసి చెబుతారు. మరి చప్పుడన్నది లేకుండా, గంటల తరబడి కరెంటు తాగుతూ కూర్చునే వస్తువు మన షెడ్డులోనే ఉంటే?

ఉంటుంది. ఇంజిన్ ఆగిపోయి, ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లో ఉండిపోయిన పాత పెట్రోలు కారు!

"కార్ల గొడవ మనకెందుకండీ, మగవాళ్లు చూసుకుంటారు" అని పేజీ తిప్పేయకండి. ఈ చిన్న సంగతి ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియకపోవడంవల్ల మా మామయ్యగారికి మతిమరుపు వచ్చేసిందని అందరూ ఖాయం చేసేశారు. అంతటితో ఆగితే పరవాలేదు. ఆయన కూడా నమ్మడం మొదలుపెట్టారు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మూడుసార్లు దిగిన బ్యాటరీ

మాది తెనాలి. మామయ్యగారికి ఎనభై ఒకటి. లాయరుగా ప్రాక్టీసు మానేసి చాలా ఏళ్లయింది. కానీ ఆయన అంబాసిడర్ మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. 1974 మోడల్ మార్క్ టూ. 1982లో సెకండ్‌హ్యాండులో కొన్నారట. అత్తయ్యగారిని చివరిసారి ఆసుపత్రికి తీసుకెళ్లిందీ అందులోనే, నేను కొత్తకోడలిగా గుమ్మంలో దిగిందీ అందులోనే. రోజూ ఉదయం రైతుబజారుకి, వారానికోసారి గుడికి. అంతకుమించి దూరం పోరు. ఊళ్లో ఆ బండి హారను విని "ప్లీడరుగారు వస్తున్నారు" అని దారి ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అలాంటి బండి రెండు నెలల్లో మూడుసార్లు మొరాయించింది. పొద్దున పదకొండింటికి చక్కగా వచ్చి షెడ్డులో నిలబడ్డ కారు, సాయంత్రం తాళం తిప్పితే 'టిక్' మంటుంది. అంతే. సెల్ఫ్ తిరగదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉంటుంది. మొదటిసారి బ్యాటరీ పాతదయిందనుకున్నాం. రెండోసారి ఛార్జింగు పెట్టించాం. మూడోసారికి మావారు తేల్చేశారు.

"నాన్న ఇగ్నిషన్ కట్టకుండా వచ్చేస్తున్నారు. వయసయిపోయింది మరి."

హైదరాబాదులో ఉన్న మా మరిది ఫోనులోనే తీర్పు చెప్పేశాడు. "బండి అమ్మేయండి వదినా. రేపు ఇంకేదైనా మర్చిపోతే? రోడ్డుమీద ఏమైనా అయితే? డాక్టరుకి చూపించండి."

వాళ్ల భయంలో న్యాయం లేదని నేననను. కానీ మామయ్యగారు చెబుతున్న ఒక్క మాట మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. "తాళం నా జేబులోనే ఉందమ్మా. మూడుసార్లూ జేబులోనే ఉంది" అనేవారు. తాళం జేబులో ఉంటే ఇగ్నిషన్ ఆన్‌లో ఎలా ఉంటుంది? 'అదే మరి, ఏ సంగతీ గుర్తుండటం లేదు' అని కొడుకులు. ఆయనేమో రాత్రిపూట లేచి షెడ్డు తలుపు వేశానా లేదా అని చూసుకుని రావడం, వీధిగేటు గడియ రెండుసార్లు తడిమి చూడటం, "కాఫీ తాగానా అమ్మా నేను?" అని అడగడం... నాలుగు వారాల్లో మనిషి సగమైపోయారు.

నాకు మాత్రం ఆ తాళం మాట తేల్చుకోవాలనిపించింది. ఆటో ఎలక్ట్రికల్ పని చేసే భాయ్‌ని ఇంటికి పిలిపించాను. నలభై ఏళ్లుగా ఆ బండికి ఆయనే డాక్టరు.

ఇంజిన్ చల్లన, డబ్బా వేడి

భాయ్ వచ్చిన రోజు కూడా బ్యాటరీ దిగే ఉంది. వచ్చీ రాగానే బ్యాటరీ జోలికి పోలేదాయన. బానెట్ ఎత్తి నన్ను పిలిచాడు.

"అమ్మా, ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. చల్లగా ఉందా?"

ఉంది. బండి తిరిగి అయిదు గంటలయింది మరి.

"ఇప్పుడు ఈ డబ్బా దగ్గర చెయ్యి పెట్టండి. ముట్టుకోవద్దు, దగ్గర పెడితే చాలు."

అరచేతికి సెగ కొట్టింది! పొట్టి గ్లాసంత ఉన్న ఆ రేకు డబ్బా పేరు ఇగ్నిషన్ కాయిల్. ఇంజిన్ చల్లగా ఉండి కాయిల్ కాలుతోందంటే దాని అర్థం ఒక్కటే, ఇంజిన్ ఆగాక కూడా కాయిల్‌లోంచి కరెంటు పారుతూనే ఉంది. అసలీ కాయిల్ చేసే పనేమిటో భాయ్ చెప్పింది, తర్వాత నేను చదివి తెలుసుకున్నది కలిపి మీకూ చెబుతాను. కష్టమైన విద్యేమీ కాదు.

నింపడం... కుమ్మరించడం

పెట్రోలు ఇంజిన్‌లో పెట్రోలు ఆవిరి అంటుకోవాలంటే నిప్పురవ్వ కావాలి. ఆ రవ్వ ప్లగ్గు కొసల మధ్య దూకాలంటే వేల వోల్టులు ఉండాలి. కారు బ్యాటరీలో ఉండేదేమో 12 వోల్టులు. ఈ పన్నెండుని వేలు చేసేదే కాయిల్. లోపల రెండు చుట్లు ఉంటాయి. లావు తీగతో వందల చుట్లు, సన్న తీగతో వేల చుట్లు. లావు తీగలో కరెంటు పారుతున్నంతసేపూ అయస్కాంత శక్తి నిండుతుంది. ఆ కరెంటుని టక్కున ఆపేస్తే, నిండిన శక్తి ఒక్కసారిగా సన్న తీగలోకి వేల వోల్టులై దూకుతుంది. బిందె నిండా నీళ్లు పట్టి ఒక్కసారి కుమ్మరించినట్టన్నమాట.

ఆ కరెంటుని ఆపుతూ, వదులుతూ ఉండేవి 'పాయింట్లు'. డిస్ట్రిబ్యూటరనే నల్లమూత డబ్బాలో ఉండే రెండు చిన్న లోహపు బిళ్లలు. అవి కలుసుకుంటే కరెంటు పారుతుంది, విడిపోతే ఆగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతుంటే ఈ పాయింట్లు సెకనుకి వందసార్లు కలిసి విడిపోతాయి. అంటే నింపడం, కుమ్మరించడం... నింపడం, కుమ్మరించడం.

ఇప్పుడు ఇంజిన్ ఆగిపోయి ఇగ్నిషన్ ఆన్‌లో ఉండిపోయిందనుకోండి. పాయింట్లు ఎక్కడ ఉన్నవి అక్కడే ఆగిపోతాయి. విడిపోయి ఆగితే బతికిపోయినట్టే, కాయిల్‌లోకి కరెంటు పోదు. కలిసి ఉన్నచోట ఆగితే మాత్రం నింపడమే తప్ప కుమ్మరించడం లేదు. పారే కరెంటంతా వేడిగా మారుతుంది. ఈ కాలపు బళ్లకి ముందు వాడిన మామూలు 12 వోల్టుల కాయిల్ నిరోధం సుమారు మూడు ఓములు. లెక్క వేస్తే దాదాపు నాలుగు ఆంపియర్లు, అంటే 48 వాట్లు. వెనకటి రోజుల్లో మనింట్లో వెలిగిన 40 వాట్ల గాజు బల్బుని వెలుగుతుండగా ముట్టుకున్నవాళ్లకి ఆ వేడి ఎంతో తెలుసు. దాన్ని ఒక రేకు డబ్బాలో పెట్టి మూతేసి, గంటలకొద్దీ వదిలేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

పైగా పాయింట్లు కలిసి ఉండే అవకాశమే ఎక్కువ. నాలుగు సిలిండర్ల డిస్ట్రిబ్యూటర్‌లో ఒక్కో సిలిండర్ వంతుకి 90 డిగ్రీలు వస్తే, అందులో దాదాపు 60 డిగ్రీల మేర పాయింట్లు కలిసే ఉంటాయి. మూడొంతుల్లో రెండొంతులు! ఒకరోజు ఆన్‌లో ఉండిపోయినా ఏమీ కాకపోవడం, మరోరోజు బ్యాటరీ దిగిపోవడం ఇందుకే. "మొన్న ఏమీ కాలేదు కదా" అనే ధీమా అందుకే పనికిరాదు.

ఏమేం పాడవుతాయి?

మొదట నష్టపోయేది బ్యాటరీ. 60 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నుంచి నాలుగు ఆంపియర్లు పోతుంటే కాగితం మీద పదిహేను గంటలు రావాలి. కానీ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగనక్కర్లేదు. సెల్ఫ్ మోటారు తిరగాలంటే ఒక్కసారిగా వంద ఆంపియర్లకి పైనే కావాలి. అందుకని పాత బ్యాటరీ అయితే నాలుగైదు గంటలకే చేతులెత్తేస్తుంది. అలా దిగిన బ్యాటరీని రోజుల తరబడి వదిలేస్తే లోపలి సీసపు పలకల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది. తర్వాత ఎంత ఛార్జింగు పెట్టినా మునుపటి బలం రాదు.

రెండోది కాయిల్. లోపలి తీగ మీద పూసిన సన్నటి వార్నిష్ పొరే ఒక చుట్టుని ఇంకో చుట్టుకి తగలకుండా కాపాడుతుంది. వేడికి ఆ పొర దెబ్బతింటే తీగలు ఒకదానికొకటి తగులుకుంటాయి. పాత కాయిళ్లలో చల్లదనం కోసం నూనె పోసి ఉంచుతారు. వేడి మితిమీరితే ఆ నూనె మూత దగ్గర కారుతుంది, ఒక్కోసారి డబ్బా ఉబ్బి పగిలిపోతుంది కూడా. వెంటనే చచ్చిపోతే ఒక రకంగా మేలే. సగం దెబ్బతిన్న కాయిల్ చల్లగా ఉన్నప్పుడు బాగా పనిచేసి, పది కిలోమీటర్లు పోయి వేడెక్కాక నడిరోడ్డు మీద ఆగిపోతుంది.

మూడోది అన్నిటికంటే భయపడాల్సింది. చాలా పాత బళ్లలో ఇగ్నిషన్ స్విచ్ నుంచి కాయిల్‌కి పోయే తీగకి ఫ్యూజు ఉండదు. ప్రయాణం మధ్యలో ఫ్యూజు పోయి ఇంజిన్ ఆగిపోకూడదని అప్పట్లో అలా చేసేవారు. కాబట్టి కాయిల్ లోపల షార్టయితే అడ్డుకునేది ఏదీ లేదు. యాభై ఏళ్లనాటి తీగ, పెళుసెక్కిన తొడుగు, చుట్టుపక్కల నూనె మరకలు, పెట్రోలు పైపు... ఇక చెప్పక్కర్లేదు. ప్రతిసారీ అంతదాకా రాదు. చాలాసార్లు బ్యాటరీ ముందే చచ్చిపోయి బండిని కాపాడుతుంది. కానీ మన పాత షెడ్డుల్లో కారు పక్కనే పిడకలు, కొబ్బరి మట్టలు, పాత పేపర్లు పేర్చి ఉంటాయి కదా, అదొక్కసారి గుర్తు చేసుకోండి.

ఒకమాట చెప్పాలి. ఇదంతా పాయింట్లున్న పాత పెట్రోలు బళ్ల సంగతి. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, పాత పెట్రోలు జీపులు ఆ కోవలోవే. డీజిల్ బండికి నిప్పురవ్వ అక్కర్లేదు, కాబట్టి ఈ కాయిలూ ఉండదు. ఇప్పటి కార్లలో ఇంజిన్ తిరగడం లేదని లోపలి కంప్యూటరే గ్రహించి కాయిల్‌కి కరెంటు ఆపేస్తుంది. తాళం వదిలి తలుపు తీస్తే కుయ్‌కుయ్ మని గోల చేస్తుంది. మన పాత బండి అలా గోల చెయ్యదు. డాష్‌బోర్డు మీద చిన్న ఎర్ర లైటు వెలిగిస్తుంది, అంతే. మిట్ట మధ్యాహ్నం ఎండలో అది వెలుగుతోందో లేదో దేవుడికే తెలియాలి.

భాయ్ అడిగిన ఒక్క ప్రశ్న

సరే, కాయిల్ కాలుతోందంటే ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నట్టే కదా. మరి తాళం జేబులో ఎలా ఉంది? మావారు కూడా అక్కడే ఉన్నారు. "నేను చెప్పలా?" అన్నట్టు నావైపు చూశారు. భాయ్ మాత్రం తిన్నగా మామయ్యగారి దగ్గరికి వెళ్లి అడిగాడు.

"పెద్దాయనా, షెడ్డులోకొచ్చాక బండి మీరు ఆపుతున్నారా, అదే ఆగిపోతోందా?"

మామయ్యగారు కాసేపు ఆలోచించారు. "ఈమధ్య దానంతటదే ఆగిపోతోందయ్యా. షెడ్డు గుమ్మం ఎక్కి కాలు తీయగానే దడదడమని ఆగిపోతోంది. ఆగింది కదా అని తాళం లాక్కుని దిగుతున్నాను."

భాయ్ మొహం విప్పారింది. అప్పటికప్పుడు తెచ్చిన బ్యాటరీ తగిలించి, తాళం పెట్టి ఆన్‌కి తిప్పాడు. ఎర్ర లైటు వెలిగింది. చెయ్యి అడ్డం పెట్టి చూస్తే తప్ప కనబడనంత మసకగా. అప్పుడు తాళాన్ని వెనక్కి తిప్పకుండానే, ఉన్నదున్నట్టుగా బయటికి లాగాడు.

వచ్చేసింది! తాళం భాయ్ చేతిలో. లైటు వెలుగుతూనే ఉంది.

మామూలుగా ఇలాంటి స్విచ్‌లో తాళం ఆఫ్‌కి తిప్పితేనే బయటికొస్తుంది. ఆన్‌లో ఉండగా లోపలి చిన్న పలకలు దాన్ని పట్టుకుని వదలవు. కానీ అయిదు దశాబ్దాలు రోజుకి నాలుగుసార్లు తిప్పిన తాళం పళ్లు అరిగిపోయాయి, లోపలి పలకలూ అరిగిపోయాయి. పట్టు పోయింది. దానికి తోడు కార్బురేటర్ స్లో తగ్గిపోయి, ఇంజిన్ దానంతటదే ఆగిపోతోంది. ఈ రెండు చిన్న లోపాలూ విడివిడిగా ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఇంజిన్ తిరుగుతుంటే మామయ్యగారు తాళం తిప్పి ఆపేవారు, ఆ అలవాటు నలభై ఏళ్లది. తాళం బాగుంటే, ఇంజిన్ ఆగిపోయినా ఆఫ్‌కి తిప్పందే తాళం బయటికొచ్చేది కాదు. రెండూ కలిసొచ్చి, ఆయన్ని అబద్ధాలకోరునీ మతిలేనివాడినీ చేశాయి.

"నే చెప్పానా లేదా, జేబులోనే ఉందని!" మామయ్యగారి గొంతు వణికింది. మావారు ఏమీ మాట్లాడలేదు. లోపలికెళ్లి తండ్రికి మంచినీళ్లు తెచ్చిచ్చారు. మా ఇంట్లో క్షమాపణలు అలాగే ఉంటాయి.

భాయ్ కొత్త తాళం సెట్టు వేశాడు. స్లో స్క్రూ సరిచేశాడు. మసకబారిన ఎర్ర లైటుకి కొత్త బల్బు పెట్టాడు. కాయిల్ మార్చాడు. బ్యాటరీకి ఒక కటాఫ్ స్విచ్ బిగించాడు, దాన్ని తిప్పితే బండి మొత్తానికీ కరెంటు ఆగిపోతుంది. అంతా కలిపి ఒక మామూలు పట్టుచీర ఖరీదు కూడా కాలేదు.

హ్యాండిలు పోయి తాళం వచ్చిన వేళ

ఈ బ్యాటరీ, కాయిల్, పాయింట్ల ఏర్పాటుకి ఒక కథ ఉంది. దాన్ని కార్లలో స్థిరపరిచింది చార్లెస్ కెటరింగ్ అనే అమెరికన్ ఇంజినీరు. 1910 మోడల్ కాడిలాక్ కారులో మొదట వచ్చింది. ఆయన కంపెనీ పేరు పొట్టిగా 'డెల్కో'. మా భాయ్ ఇప్పటికీ డిస్ట్రిబ్యూటర్‌ని 'డెల్కో' అనే అంటాడు. అమెరికాలోని కంపెనీ పేరు మన తెనాలి షెడ్డులో స్పేరుపార్టు పేరై కూర్చుంది, చూశారా!

అదే కెటరింగ్ 1912 మోడల్ కాడిలాక్‌కి కరెంటుతో తిరిగే సెల్ఫ్ స్టార్టర్ తయారుచేశాడు. అంతకుముందు ముందువైపు హ్యాండిలు పెట్టి బలంగా తిప్పితేగానీ ఇంజిన్ అందుకునేది కాదు. ఒక్కోసారి హ్యాండిలు వెనక్కి తన్ని మణికట్లు విరిగేవి. సెల్ఫ్ వచ్చాక ఆ బలంతో పని లేకుండా పోయింది, ఎందరో ఆడవాళ్లు స్టీరింగు ముందు కూర్చున్నారు.

ఇంకా వెనక్కి వెళితే 1888లో, జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు భర్తకి చెప్పకుండా ఆయన చేసిన కారు తీసుకుని, ఇద్దరు కొడుకులని ఎక్కించుకుని, మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. కారులో అంత దూరం వెళ్లిన మొదటి మనిషి ఆవిడే. దారిలో పెట్రోలు గొట్టానికి ఏదో అడ్డుపడితే టోపీ పిన్నుతో పొడిచి తీసిందని, ఇగ్నిషన్ తీగ తొడుగు అరిగిపోతే తన మేజోడు పట్టీ చుట్టిందని చెబుతారు. కాబట్టి 'ఇగ్నిషన్ తీగ సంగతి ఆడవాళ్లకెందుకు?' అని ఇక ఎవరైనా అంటే, మొదటి రిపేరు చేసిందే మేమని చెప్పండి.

మరి డాక్టరుకి చూపించామా?

చూపించాం. ఈ సంగతి దాచను. తాళం తప్పని తేలినా, ఎనభై దాటిన మనిషికి కళ్లు, చెవులు, జ్ఞాపకం ఏడాదికోసారి పరీక్ష చేయించడం మంచిదే. పెద్దవాళ్లు తెలిసిన దారి మరిచిపోతున్నా, అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నా అది నిజంగా జబ్బు కావచ్చు, తొందరగా చూపించాలి. మామయ్యగారికి అలాంటిదేమీ లేదన్నారు డాక్టరుగారు. కుడికంటిలో శుక్లం ముదురుతోందన్నారు. చీకటిపడ్డాక బండి తీయనని ఆయనే చెప్పేశారు. ఎవరూ లాక్కోలేదు, ఆయనే ఇచ్చారు. ఆ రెండింటికీ ఎంత తేడా ఉందో ఇంట్లో పెద్దవాళ్లున్నవారికి తెలుస్తుంది.

రాత్రిపూట లేచి షెడ్డు చూసొచ్చే అలవాటు మెల్లగా పోయింది. కాఫీ తాగానా అని మళ్లీ అడగలేదు. ఆ భయం మతిమరుపు కాదు, మనం పెట్టిన భయమే. పాలు పొంగితే, ట్యాంకు పొర్లితే, బ్యాటరీ దిగితే ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల మీదకే ముందు వేలు పోతుంది. ఆ వేలు చూపించేముందు అరిగిన తాళం లాంటిది ఎక్కడైనా ఉందేమో ఒకసారి వెతకండి.

మీ షెడ్డులో పాత కారుంటే...

* ఇంజిన్ ఆగిన స్థితిలో తాళం ఆన్‌కి తిప్పి, వెనక్కి తిప్పకుండా మెల్లగా లాగి చూడండి. బయటికొస్తే తాళం సెట్టు మార్పించండి. అర నిమిషం పరీక్ష.

* ఆన్‌కి తిప్పినప్పుడు ఎర్ర లైటు వెలగాలి. వెలగకపోయినా, మసకగా ఉన్నా బల్బు మార్పించండి. బండి మీకు చెప్పగలిగే మాట అదొక్కటే.

* ఇంజిన్ దానంతటదే ఆగిపోతే దిగేముందు తాళం ఆఫ్‌కి తిప్పడం అలవాటు చేసుకోండి. 'ఆగింది' వేరు, 'ఆపాం' వేరు.

* పాటల కోసమో, క్రికెట్ కామెంటరీ కోసమో ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి కూర్చోకండి. రేడియోకి వేరే కనెక్షన్ ఇప్పించుకోవచ్చు. పిల్లలు కారులో ఆడుకుంటుంటే తాళం బండిలో ఉంచకండి.

* ఆన్‌లో ఉండిపోయిందని తెలిస్తే ముందు తాళం ఆఫ్ చేయండి. కాయిల్‌ని వెంటనే ముట్టుకోకండి, నీళ్లు అసలే పోయకండి. పూర్తిగా చల్లారాక చూడండి. డబ్బా ఉబ్బినా, నూనె కారినా, కాలిన వాసన వచ్చినా మార్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దు.

* బ్యాటరీని ఆ రోజే ఛార్జింగుకి ఇవ్వండి. నిండిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది, 12కి దిగితే పావువంతే మిగిలినట్టు లెక్క. నెమ్మదిగా ఛార్జి చేయమనండి. ఇంట్లోనే చేస్తే గాలి ఆడేచోట పెట్టండి. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది, దగ్గర్లో అగ్గిపుల్ల గీయకూడదు.

* రిపేరు చేసేటప్పుడు మెకానిక్కు చాలాసేపు ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచాల్సివస్తే, పాయింట్ల మధ్య చిన్న అట్టముక్క పెట్టమనండి, లేదా కాయిల్ తీగ ఊడదీయమనండి.

* పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించినవాళ్లు కూడా నిశ్చింతగా ఉండకూడదు. వాటిలోనూ కొన్ని రకాలు ఇంజిన్ తిరగకుండా ఆన్‌లో ఉంటే కాలిపోతాయి. బిగించినతన్ని అడిగి తెలుసుకోండి.

* వారాల తరబడి బండి తీయకపోతే బ్యాటరీకి కటాఫ్ స్విచ్ పెట్టించండి. అది ఎక్కడుందో, ఎటు తిప్పాలో ఇంట్లో ఆడవాళ్లందరికీ చూపించి పెట్టండి. అవసరం పడేనాటికి మగవాళ్లు ఇంట్లో ఉంటారని ఏమిటి నమ్మకం?